ట్రౌట్ గాలపు ఈగ: పోలికకు ఉన్న ఆధారాలెంత?

ట్రౌట్ చేపను కృత్రిమ ఈగతో పట్టే విద్య గురించి రాసిన పుస్తకాల్లో ఒక సలహా తరచుగా ఎదురవుతుంది. ఆ వేళకు ఏటి మీద ఏ పురుగు ఎగురుతోందో చూసి, దాన్ని పోలిన ఈగనే దారానికి కట్టాలి. కొక్కేనికి ఈక, ఉన్ని, పట్టుదారం చుట్టి చేసిన బొమ్మను చేప అసలు కీటకమే అనుకుని నోట కరుచుకుంటుందన్నది ఈ సలహాకు మూలమైన ఊహ. ఊహ సబబుగానే ఉంది. అయితే పోలిక అన్నప్పుడు రంగులోనా, పరిమాణంలోనా, ఆకారంలోనా, నీటిలో కదిలే తీరులోనా? వీటిలో దేనికి ఎంత సాక్ష్యం దొరుకుతుందో, సాధారణంగా చూపే ఆధారాలను ఒక్కొక్కటిగా తీసుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. మాసిడోనియా ఈగ

కృత్రిమ ఈగ గురించి వివరంగా చెప్పిన తొలి రచనగా ఎక్కువమంది చరిత్రకారులు చూపేది ఏలియన్ గ్రీకు భాషలో రాసిన జంతుస్వభావ గ్రంథాన్ని. దాని కాలం స్థూలంగా క్రీ.శ. 200 ప్రాంతం. 15వ భాగం మొదటి అధ్యాయంలో, బెరోయా, థెస్సలోనికా పట్టణాల మధ్య పారే ఆస్ట్రేయస్ అనే నదిలో చుక్కల చర్మం ఉన్న చేపలున్నాయనీ, అవి నీటి మీద తిరిగే ఒక ఈగను తింటాయనీ ఆయన రాశాడు. అక్కడివాళ్లు ఆ ఈగను హిప్పూరస్ అంటారట. చేతితో ముట్టుకుంటే దాని సహజమైన రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, ఇక చేప దాన్ని తాకదు. అందుచేత జాలర్లు కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు గదవ కింద మొలిచే మైనం రంగు ఈకలు రెండు అమర్చి, ఆరడుగుల కర్రకు అంతే పొడవు దారం కట్టి వేస్తారు.

ఈ వర్ణనను ఎంతవరకు నమ్మవచ్చు? అనుకూలంగా చెప్పదగింది దాని నిర్దిష్టత: పదార్థాలు, కొలతలు, కారణం మూడూ ఉన్నాయి. ఎరగా గుచ్చడానికి పనికిరాని పురుగు కాబట్టే దానికి బదులు బొమ్మ కట్టారన్న కారణం వాడుక తెలిసినవాడి నోట వచ్చినట్టే ఉంది. ప్రతికూలంగా చెప్పవలసినవి రెండు. మొదటిది, ఏలియన్ తాను విన్న మాటగానే ఇది చెబుతున్నాడు; పైగా ఆయన ఇటలీ దాటి ఎన్నడూ వెళ్లలేదని ఫిలోస్ట్రటస్ రాశాడు. రెండోది అంతగా చర్చకు రాని సంగతి. ఆ ఈగ రంగు కందిరీగ రంగులా ఉంటుందనీ, తేనెటీగలా జుంయ్‌మంటుందనీ ఏలియనే చెప్పాడు. కట్టినది మాత్రం ఎర్ర ఉన్నితో. మాసిడోనియా కందిరీగల్లో ఎరుపు ఛాయ ఉన్నవి ఉండి ఉండవచ్చు. ఆ అవకాశాన్ని పక్కన పెట్టి, పాఠాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే మాత్రం, మనకు దొరికిన మొట్టమొదటి నకలే అసలుతో రంగులో సరిపోలినట్టు కనిపించదు. అయినా చేపలు పడ్డాయని అదే పాఠం చెబుతోంది.

2. పన్నెండు ఈగల జాబితా

ఇంగ్లీషులో తొలి ముఖ్య ఆధారం గాలంతో చేపలు పట్టడంపై 1496లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో వింకిన్ డి వర్డ్ ముద్రించిన చిన్న గ్రంథం. ఇది విడిగా రాలేదు. సెయింట్ ఆల్బన్స్ పుస్తకంగా పేరుపడ్డ వేట గ్రంథం రెండో ముద్రణలో కలిసి వచ్చింది. 1486 నాటి మొదటి ముద్రణలో చేపల భాగం లేదు. కర్తృత్వం విషయంలో జాగ్రత్త అవసరం. డేమ్ జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని, సోప్‌వెల్ మఠాధిపతి, దీన్ని రాసిందని నేటికీ చాలాచోట్ల నిర్ద్వంద్వంగా రాస్తున్నారు. ఆధారాలు ఇంతవరకే పోతాయి:

(అ) 1486 ముద్రణలో వేట భాగం చివర మాత్రమే జూలియన్స్ బార్న్స్ అనే పేరు ఉంది. చేపల భాగానికి ఆ పేరు తగిలించిన చోటు లేదు.

(ఆ) సోప్‌వెల్ మఠాధిపతుల పట్టికల్లో ఆమె పేరు కనబడదు. అయితే 1430, 1480 మధ్య ఆ మఠం దస్తావేజుల్లో ఖాళీ ఉంది కాబట్టి, పేరు లేకపోవడం ఆమె లేదనడానికి రుజువు కాదు.

(ఇ) ఆమెను గొప్ప వంశపు స్త్రీగా చిత్రించిన కథనాలు 16వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా పెరుగుతూ వచ్చినవి. సమకాలీన సాక్ష్యాలు కావు.

చేపల గ్రంథానికి 15వ శతాబ్దం మధ్యకాలపు అసంపూర్ణ రాతప్రతి ఒకటి ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. జాన్ మెక్‌డొనాల్డ్ 1963లో దాన్ని నకలు చిత్రాలతో సహా ప్రచురించాడు. అందుచేత రచన 1496 కన్నా పాతదన్నంతవరకు నిస్సందేహంగా చెప్పవచ్చు.

మన ప్రశ్నకు ఇందులో పనికొచ్చేది పన్నెండు ఈగల జాబితా. మార్చికి రెండు, ఏప్రిల్‌కు ఒకటి, మే, జూన్‌లకు మూడేసి, జూలైకి రెండు, ఆగస్టుకు ఒకటి. ఏప్రిల్ ఈగ రాతిఈగ: ఒళ్లు నల్ల ఉన్ని, రెక్క కిందా తోక కిందా పసుపు, రెక్కలు మగబాతు ఈకతో. ఇలా ప్రతి ఈగకూ ఒకటి రెండు వాక్యాలు మించవు. కొక్కెం ఎంత ఉండాలి, రెక్క నిలువుగా ఉండాలా వాలి ఉండాలా అన్నవి అందులో లేవు. అంచేత ఈ పన్నెండింటినీ నేటి కీటకాల పేర్లతో జత కలిపే ప్రయత్నాల్లో కొన్ని ఒప్పదగినవిగానే ఉన్నా, ఎక్కువ భాగం ఊహ కింద జమ కట్టవలసినవే.

నెలల లెక్కలోనూ ఒక చిక్కుంది. 1496లో ఇంగ్లండు వాడినది జూలియన్ పంచాంగం. నేటి లెక్కకు అది తొమ్మిది రోజులు వెనక. అంటే ఆ గ్రంథం చెప్పిన మే 1 మనకు మే 10. కొన్ని మేఫ్లై జాతులు గుంపుగా పైకొచ్చే కాలం రెండు మూడు వారాలకు మించదు కాబట్టి, తొమ్మిది రోజుల తేడాను కొట్టిపారేయడానికి లేదు. ఇంగ్లండు పంచాంగం మారింది 1752లో. దానికి ముందు అచ్చయిన నెలవారీ పట్టికలన్నిటినీ ఇలాంటి సవరణతోనే చదవాలి.

ఈ జాబితాను లెనార్డ్ మాస్కల్ 1590లో దాదాపు అలాగే ఎత్తి రాశాడు. ఐజాక్ వాల్టన్ 1653 పుస్తకంలోని పన్నెండు ఈగలూ చాలావరకు ఆ వరుసలోవే. పన్నెండు ఈగల ఎంపిక శతాబ్దాల అనుభవంతో రుజువైందనే వాదన ఈ కొనసాగింపు మీదే ఆధారపడి ఉంది. ఒకరి పుస్తకం చూసి మరొకరు రాసినప్పుడు సాక్షులు ముగ్గురు కారు, ఒక్కరే. స్వతంత్ర పరిశీలన అని కొంత ధైర్యంగా అనదగినది 1676లో చార్లెస్ కాటన్ డవ్ నది గురించి రాసిన భాగంతో మొదలవుతుంది. ఆయన ఈగల సంఖ్య అరవై దాటింది.

3. మిరపపొడి చల్లిన ఈగలు

చేపనే అడిగి చూసిన తొలి వ్యక్తుల్లో ఆల్ఫ్రెడ్ రోనాల్డ్స్ ఒకడు. 1836లో వచ్చిన ఆయన కీటకశాస్త్ర గ్రంథం, అసలు పురుగు బొమ్మను, దాని శాస్త్రీయ నామాన్ని, దానికి కట్టే నకలును పక్కపక్కన చూపడం వల్ల ప్రసిద్ధమైంది. పరిశోధకుడికి అంతకన్నా ముఖ్యమైనవి దాని తొలి పుటలు. స్టాఫర్డ్‌షైర్‌లో బ్లైత్ నది ఒడ్డున ఆయన ఒక పరిశీలన గది కట్టుకుని, అందులోంచి ట్రౌట్‌ను గమనించాడు. చేపకు కనబడకుండా తుపాకీ పేల్పించాడు, చేప చలించలేదు. చచ్చిన ఇంటి ఈగలను గొట్టంతో ఊది నీటి మీద వేశాడు, తినేసింది. తర్వాత ఈగలకు కారపు మిరపపొడి, ఆవపిండి పట్టించి వేశాడు. వాటిలోనూ ఎక్కువ భాగం చేప నోట్లోకే వెళ్లాయి. ఆవకాయ తినే మనకు ఇందులో వింత తోచకపోవచ్చు గానీ, ట్రౌట్ రుచి చూసి ఎంచుకుంటుందనే అప్పటి నమ్మకానికి ఇది గట్టి దెబ్బ.

దీని పరిమితి కూడా చెప్పాలి. చూసినది ఒకే చోట, కొద్ది చేపలను. వేసినవి నిజమైన ఈగలే గాని కట్టినవి కావు. చేప ముందుగా కంటిని నమ్ముతుందని ఈ ప్రయోగం నుంచి అనుకోవచ్చు. ఆ కన్ను ఈగలో ఏం చూస్తుందో ఇది చెప్పదు. ఒక వైరుధ్యం కూడా ఉంది: రుచి, చప్పుడు లెక్కలోకి రావని తన ప్రయోగంతో చూపిన మనిషే, అదే పుస్తకంలో రంగుల నకళ్లను అంత సూక్ష్మంగా చిత్రించాడు. రంగు అవసరమని మాత్రం ఏ ప్రయోగంతోనూ ఆయన చూపలేదు.

4. గ్రీన్‌వెల్ ఈగ రంగేమిటి?

ఒక్క ఈగనైనా దగ్గరగా చూడటం మంచిది. గ్రీన్‌వెల్స్ గ్లోరీ పుట్టుక గురించి సాధారణంగా ఒప్పుకునే కథనం ఇది. 1854 మే నెలలో డరమ్ మతాచార్యుడు విలియం గ్రీన్‌వెల్ ట్వీడ్ నది మీద స్ప్రౌస్టన్ దగ్గర గాలం వేస్తుండగా, చేపలు తాను వేసిన ఈగను కాదని మరో పురుగును తింటున్నాయని గమనించాడు. దాన్ని పట్టి జేమ్స్ రైట్ అనే ఈగలు కట్టేవాడి దగ్గరకు పట్టుకెళ్లి, అలాంటిదే కట్టమన్నాడు. మర్నాడు బుట్ట నిండింది. కట్టు ఇది: రెక్క నల్లపిట్ట రెక్క లోపలి ఈక, ఒళ్లు పసుపు పట్టుదారం, చుట్టూ నల్లని నడుమున్న ఎర్రపుంజు మెడ ఈక. ఇలాంటి కట్టు అంతకుముందే వాడుకలో ఉండేదనే వాదమూ ఉంది. సాదా పదార్థాలతో చేసినది కనుక ఆ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం.

మన వాదానికి కీలకం పసుపు దారం. పాత కట్టేవాళ్లు దారానికి చెప్పులు కుట్టేవారి నల్లమైనం దట్టంగా రాసేవారు. అది పడగానే పసుపు మురికి ఆలివ్ పచ్చగా మారుతుంది. మైనం తక్కువైతే లేత పసుపు, ఎక్కువైతే గోధుమవన్నె పచ్చ. తడిస్తే ఇంకా ముదురు. మైనం రాయకుండా పసుపు దారంతోనే చుట్టినవీ అంగళ్లలో అదే పేరుతో దొరికాయి. నేడు మామూలైపోయిన బంగారు తీగ చుట్టు తర్వాత వచ్చి చేరినదేనని చెబుతారు. కాబట్టి ఒకే పేరుతో చేప పట్టిన ఈగల రంగులు ఒకటి కావు. ఇన్ని ఛాయల్లోనూ ఆ పేరు నిలిచిందంటే, ఛాయ మీద చేపకున్న పట్టింపు కట్టేవాడికున్నంత లేదేమో అనిపిస్తుంది. పేరు నిలవడానికి అంగడి ప్రచారం కూడా కారణం అయి ఉండవచ్చు గనక, దీన్ని సూచనగానే తీసుకోవాలి.

5. హాల్ఫర్డ్, స్కూస్

దక్షిణ ఇంగ్లండులో సుద్దరాతి ఊటల వల్ల పుట్టిన టెస్ట్, ఇచెన్ వంటి స్వచ్ఛమైన ఏర్లలో అచ్చమైన పోలిక సిద్ధాంతం శిఖరానికి చేరింది. ఫ్రెడరిక్ హాల్ఫర్డ్, జి.ఎస్. మారియట్ 1879లో వించెస్టర్‌లో ఒక గాలాల అంగడిలో కలుసుకున్నారు. తేలే ఈగల మీద హాల్ఫర్డ్ పుస్తకం 1886లో, డ్రై ఫ్లై (పొడి ఈగ) సిద్ధాంతం, ఆచరణల మీద మరొకటి 1889లో వచ్చాయి. నీటి మీద తేలే పురుగు ఏదో గుర్తించి, దాని అచ్చు నకలునే, తినే చేపకు ఎగువన, ఎండినదాన్నే వేయాలన్నది స్థూలంగా ఆ మతం.

దీనికి వ్యతిరేక సాక్ష్యం హాల్ఫర్డ్ పెట్టెలోనే ఉంది. కుందేలు చెవి బొచ్చుకు బంగారు తీగ చుట్టిన ఈగను ఆయన మొదట్లో బాగా మెచ్చుకున్నాడు. చివరకు తన ఎంపికలోంచి తీసేశాడు. అది ఏ కీటకానికి నకలో తేల్చలేకపోవడమే కారణమని తర్వాతి రచయితలు అంటారు. చేపలు దాన్ని తినడం మానినట్టు మాత్రం ఎవరూ రాయలేదు. పైగా 1910లో ఆయన పాత వాటి స్థానంలో కొత్తగా 33 ఈగలు ప్రతిపాదించాడు. 1886 నాటి నకళ్లు అచ్చమైనవే అయితే కొత్తవి దేనికి? అవి అచ్చమైనవి కాకపోతే ఆ ఇరవై నాలుగేళ్లు చేపలు ఎలా పడ్డాయి? ఈ ప్రశ్నకు ఆ సిద్ధాంతం లోపల జవాబు దొరకడం కష్టం.

అదే 1910లో జి.ఇ.ఎం. స్కూస్ మొదటి పుస్తకం వచ్చింది. ఇచెన్ నది మీద గాలం వేసే లండన్ న్యాయవాది ఆయన. చేప తినేది ఎక్కువగా నీటి అడుగున, పైకి లేచే దశలో ఉన్న పిల్లపురుగునే కనుక ఈగను ముంచి వేయడం తప్పు కాదన్నది ఆయన పక్షం. పట్టిన చేపల కడుపులో ఏముందో తీసి చూసి మాట్లాడేవాడు. ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. ఈ వాదాన్ని హాల్ఫర్డ్, స్కూస్‌ల ద్వంద్వయుద్ధంగా చెప్పడం పరిపాటి. లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో నింఫ్ అనే ఆ పిల్లపురుగు గురించి ప్రసిద్ధమైన చర్చ జరిగింది 1938లో. హాల్ఫర్డ్ 1914లోనే చనిపోయాడు. అప్పటికి ఎనభై ఏళ్లకు దగ్గరపడిన స్కూస్ ఎదుర్కొన్నది హాల్ఫర్డ్‌ను కాదు, ఆయన శిష్యవర్గాన్ని.

ఇద్దరికన్నా ముందే, 1857లో, ఎడిన్‌బరోకు చెందిన డబ్ల్యు.సి. స్టీవర్ట్ మెత్తటి ఈకతో కట్టిన మూడు సాలీడు ఈగలతో పని గడుపుకోవచ్చన్నాడు. నల్లటి సాలీడు తనకు జేమ్స్ బెయిలీ వల్ల తెలిసిందని ఒప్పుకున్నాడు కూడా. ఆయన బలమంతా ఎగువకు వేయడం మీద. చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఉంటుంది కనుక, వెనక నుంచి వచ్చే మనిషి దానికి కనబడడు.

6. ప్రయోగశాల సాక్ష్యం

(అ) నీటిలోంచి పైకి చూసే కంటికి బయటి లోకమంతా దాదాపు 97 డిగ్రీల శంకువులో ఇమిడి, ఒక గుండ్రని కిటికీలా కనబడుతుంది. లెక్క ప్రకారం ఆ కిటికీ వ్యాసం చేప ఉన్న లోతుకు 2.27 రెట్లు. అడుగు లోతున ఉన్న చేపకు రెండడుగుల పైచిలుకు. కిటికీ వెలుపల నీటి పైపొర అడుగువైపు అద్దంలా పనిచేస్తుంది; అక్కడ తేలే ఈగలో చేపకు కనబడేది దాని కాళ్లు నీటిపొరను నొక్కిన మెరుపు చుక్కలు మాత్రమే. ఈ.డబ్ల్యు. హార్డింగ్ 1931లో ఈ దృష్టికోణాన్ని విపులంగా చర్చించాడు. కిటికీలోకి వచ్చాక కూడా ఈగ వెనక ఆకాశపు వెలుగు ఉంటుంది గనుక, రంగు కన్నా రూపురేఖ ముందు తెలుస్తుందని ఊహించడం అసంగతం కాదు.

(ఆ) నీల్ రింగ్లర్ 1979లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగశాల ప్రవాహంలో బ్రౌన్ ట్రౌట్ వివిధ పరిమాణాల ఆహారంలో పెద్దదాన్ని ఎక్కువగా ఎంచుకున్నాయి. రోజులు గడిచేకొద్దీ ఎంపికలో నేర్పు పెరిగింది. అయినా తక్కువ ఇష్టమైన వాటిని తినడం పూర్తిగా మానలేదు.

(ఇ) బ్రయాన్, లార్కిన్ 1972లో, ఒకే నీటిలోని వేర్వేరు ట్రౌట్‌లు వేర్వేరు ఆహారాలకు అలవాటు పడతాయని సూచించారు. అదే నిజమైతే, ఒక చేప తిరస్కరించిన ఈగను పది గజాల అవతల మరో చేప తినడంలో వింత లేదు. ఒక పూట అనుభవంతో ఈగను మెచ్చడమో తిట్టడమో తొందరపాటే.

7. ఎంపికకూ వాడకానికీ ఇందులో తేలేది

పై ఆధారాలను కలిపి చూస్తే, తాత్కాలికంగా ఒక వరుస ప్రతిపాదించవచ్చు. మొదట ఈగ ఏ లోతులో పోవాలి, తర్వాత ఎంత పరిమాణం, తర్వాత రూపురేఖ, చివర రంగు. చేప ముక్కు పైకొచ్చి గాలిబుడగ మిగిలితే అది పైన తేలేదాన్ని తిన్నదని అనుకోవచ్చు. బుడగ లేకుండా వీపు, తోక మాత్రం కనబడితే పొర కింద లేచే పిల్లపురుగును తింటోందనడానికి అవకాశం ఎక్కువ. ఏమీ కనబడకపోతే ఏటి అడుగున రాయి తిప్పి, దాన్ని పట్టుకున్న పురుగుల పరిమాణం చూడటం పుస్తకం చూడటం కన్నా మేలు. పరిమాణంలో అనుమానముంటే చిన్నదాని వైపు మొగ్గడం అనుభవజ్ఞుల వాడుక. పెద్దదాన్ని ఎంచుకున్న ప్రయోగశాల చేపలతో ఇది పైకి పొసగదు. అయితే అక్కడ పెద్దదైనా చిన్నదైనా నిజమైన ఆహారమే. బొమ్మ విషయంలో, పెద్దదైనకొద్దీ దాని లోపాలూ పెద్దవవుతాయి. ఇది వివరణే గాని రుజువు కాదు.

ఈ వరుసలో చేరనిది ఒకటుంది. బహుశా అన్నిటికన్నా బరువైనదీ అదే. దారం పడిన చోట ప్రవాహం వేగం, ఈగ పడిన చోట వేగం వేరైతే, దారం ఈగను పక్కకు ఈడుస్తుంది. ఈగ వెనక సన్నని గీత పడుతుంది. తన చుట్టూ ఉన్న నురుగుతో సమానంగా కొట్టుకుపోవలసినది ఎదురీదుతున్నట్టు కనబడితే, ఎంత చక్కగా కట్టినా చేప వదిలేస్తుంది. డ్రై ఫ్లై పక్షంవాళ్లూ, స్టీవర్ట్ పక్షంవాళ్లూ, నింఫ్ పక్షంవాళ్లూ గట్టిగా ఏకీభవించే విషయం ఇదొక్కటే. పరస్పరం ఒప్పుకోని సాక్షులు ఒకచోట కలిస్తే, ఆ సాక్ష్యానికి విలువ ఎక్కువ. దారాన్ని కొంచెం వదులుగా, వంపులతో పడేలా వేయడం, పడ్డాక కర్ర కొనతో దారాన్ని ఎగువకు తిప్పి వేయడం ఇందుకే.

నెలవారీ పట్టికలు ఒక దేశం నుంచి మరో దేశానికి పనికిరావన్నది కూడా తేలుతుంది. 1890లో హాల్ఫర్డ్ అమెరికాలోని థియడోర్ గోర్డన్‌కు తన ఈగలు పంపాడు. గోర్డన్ వాటిని యథాతథంగా వాడుకోక, క్యాట్స్‌కిల్ ఏర్ల కీటకాలకు, వేగానికి తగినట్టు కట్టుకున్నాడు. కశ్మీర్‌కు ట్రౌట్ స్కాట్లండ్ గుడ్లతో 1900లో వచ్చిందని చెబుతారు. అంతకు ముందు ఏడాది పంపినవి దక్కలేదు. చేప వచ్చింది గాని దానితో టెస్ట్ నది పురుగులు రాలేదు.

8. ఒక చిన్న ఈగ

రూపురేఖ పక్షానికి ఉన్న మంచి ఉదాహరణల్లో ఒకటి మన ప్రాంతంతో ముడిపడింది. పెన్సిల్వేనియాలోని లెటార్ట్ ఏటి మీద చేపలు కంటికి ఆనని దేనినో తింటున్నాయని గమనించిన విన్సెంట్ మారినారో, సన్నని వల వేసి తీసి చూస్తే వచ్చినవి గట్టు గడ్డి మీంచి రాలిన జాసిడ్‌లు. మన పత్తి రైతులు పచ్చదోమ అనే పురుగు కుటుంబమే. 1950 నాటి తన పుస్తకంలో ఆయన వివరించిన నకలులో రెక్కగా పడుకోబెట్టినది అడవికోడి పుంజు మెడ మీది గోరువంటి ఈక. దక్షిణ భారత అడవుల్లో, నల్లమలతో సహా, తిరిగే బూడిదవన్నె అడవికోడి అది. సాల్మన్ ఈగలు కట్టేవాళ్లు అంతకు చాలాముందు నుంచే ఆ ఈక కోసం ఎగబడ్డారు.

ఆ ఈక మీద తెల్లటి, పసుపు మెరుపు చుక్క ఉంటుంది. జాసిడ్ మీద అలాంటిది లేదు. మారినారో దాన్ని ఎంచుకున్నది రంగుకు కాదు. వెలుగు అటునుంచి ఇటు రాని మందం, చదునైన కోలాకారం, కింద నుంచి చూసే కంటికి నీడలా తోచే అంచు కోసం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత మన అడవికోడి ఈకకు చట్టబద్ధమైన ఎగుమతి లేదు. విదేశాల్లో పెంచిన పక్షుల ఈక ఖరీదు. మారినారో తర్కం సరైనదైతే, నాటుకోడి నల్ల ఈకకు రెండు పూతలు వార్నిష్ వేసి, ఆరాక గోరంత కోలగా కత్తిరించి, ఒంటి మీద అంటుకునేలా చదునుగా కట్టుకుంటే చాలాలి.